నడుస్తూ మాట్లాడగలరా?

పెద్దవయసులో పడిపోవడం కాళ్ళ జబ్బు అని మనం అనుకుంటాం. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. మోకాళ్ళకు తైలం, నడుముకు కాపడం, ఆపైన విశ్రాంతి అన్నదే నా వద్దకు వచ్చే వృద్ధులకు నేనిచ్చే సలహా. అందులో ఎంత లోపమున్నదో నాకు తెలిసివచ్చింది మా అమ్మగారి వలననే.

2019 కార్తీకమాసంలో ఒకనాటి తెల్లవారుజామున ఆమె దీపపు పళ్ళెం పట్టుకొని తులసికోట వైపు నడుస్తున్నారు. వెనుక నుంచి నేను "అమ్మా, నా కళ్ళజోడు ఎక్కడైనా కనిపించిందా?" అని అడిగాను. ఆమె బదులు చెప్పబోయారు. అంతలోనే గడప దగ్గర అడుగు తప్పి పడిపోయారు. మణికట్టు ఎముక విరిగింది. నేల తడిగా లేదు, కాలికి ఏదీ అడ్డు తగలలేదు, కళ్ళు తిరగలేదు. అప్పటికి ఆమె వయసు 71.

కట్టు కట్టించి ఇంటికి తెచ్చాక నేను చేసినది రెండవ పొరపాటు. వాగ్భటుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వ్యాయామం మానవలసినవారిని చెబుతూ వాతపిత్త రోగులతోను, పసివారితోను పాటు వృద్ధులను కూడా చేర్చాడు. ఆ మాటను పట్టుకొని, "నువ్విక కదలకు, అన్నీ మంచం దగ్గరికే వస్తాయి" అన్నాను. నాలుగు నెలలు తిరిగేసరికి ఎముక అతుక్కున్నది గాని, ఒకరు చేయి పట్టుకుంటే తప్ప కుర్చీలో నుంచి లేవలేని స్థితికి ఆమె చేరుకున్నారు. మాట కూడా తగ్గిపోయింది. పాలవాడి లెక్క నోటితో చెప్పగలిగిన మనిషి, ఆరోజు తిథి ఏమిటని అడిగితే తడబడసాగారు.

అప్పుడు మళ్ళీ గ్రంథాలు తెరిచాను. వాగ్భటుడు వ్యాయామమనే మాటను శరీరానికి ఆయాసం కలిగించే పని అన్న అర్థంలో వాడాడు. చరకుడు సూత్రస్థానంలో చెప్పినది వేరు: స్థైర్యం కోసం చేసేది, బలాన్ని పెంచేది అయిన శరీర చేష్టయే ఆయన దృష్టిలో వ్యాయామం, దానిని మోతాదు ఎరిగి ఆచరించమన్నాడు. ఒకరు వద్దన్నదీ, మరొకరు కావాలన్నదీ ఒకే వస్తువు కాదని నా అభిప్రాయం. నేను అమ్మగారికి ఆయాసంతో పాటు స్థైర్యాన్ని కూడా నిషేధించాను.

గడప దగ్గర ఆ పతనానికి కారణం మాత్రం మరొకచోట దొరికింది. స్వీడన్ దేశంలోని ఉమియో నగర పరిశోధకులు 1997లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. వృద్ధుల నివాసాలలోని 58 మందిని నడిపిస్తూ పక్కనుంచి మాటలు కలిపారు. బదులు చెప్పడానికి 12 మంది నడక ఆపి నిలబడిపోయారు. తరువాతి ఆరు నెలలలో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు! యంత్రం లేదు, రక్తపరీక్ష లేదు. మాట్లాడితే నడక ఆగుతున్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నే పరీక్ష.

దీని మర్మం తేలికగానే అర్థమవుతుంది. నిలబడడానికి మనకు మూడు ఆధారాలు: కంటిచూపు, లోచెవిలోని తూకపు అవయవం, అరికాళ్ళ నుంచి కీళ్ళ నుంచి వచ్చే స్పర్శజ్ఞానం. ఈ మూడింటి సమాచారాన్ని చిన్నమెదడు తదితర భాగాలు కలుపుకొని, మన ప్రమేయం లేకుండానే అడుగు సరిచేస్తుంటాయి. వయసు పైబడిన కొద్దీ చూపు మందగిస్తుంది. మధుమేహమున్నవారికి అరికాళ్ళు మొద్దుబారుతాయి. ఆ లోటు పూడ్చడానికి ఆలోచించే మెదడు, అంటే నుదుటి వెనుక భాగం, నడకను స్వయంగా కనిపెట్టి ఉండవలసి వస్తుంది. అట్టి స్థితిలో ఎవరైనా పలుకరిస్తే ఆ కాపలాదారు మాట వైపు తిరుగుతాడు, అడుగు అనాథ అవుతుంది.

మన తెలుగువారికి దీనిని వివరించడానికి పరాయి ఉదాహరణ అక్కరలేదు. అష్టావధానంలో పృచ్ఛకుడు అప్రస్తుత ప్రసంగంతో మనసు లాగుతుంటే, మరొకరు గంట కొడుతుంటే, అవధాని పద్యపు నడక తప్పనీయడు. అది పుట్టుకతో వచ్చిన విద్య కాదు, సాధనతో వచ్చినది. గడప దాటుతూ కొడుకు ప్రశ్నకు బదులు చెప్పడం కూడా చిన్న అవధానమే. మరి దానికీ సాధన ఉండాలి కదా!

ఉన్నదనే పరిశోధనలు చెబుతున్నాయి. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో 65 ఏళ్ళు దాటిన 134 మందిపై జరిగిన పరిశీలన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వారానికి ఒక గంట, ఆరు నెలలపాటు పియానో సంగీతానికి తగినట్లు నడవడం, లయ మారగానే అడుగు మార్చడం, ఆ నడకలోనే చేతులతో మరొక పని చేయడం వారి శిక్షణ. నడక స్థిరపడింది, పడిపోవడాలు, శిక్షణ పొందనివారితో పోలిస్తే, సగానికి పైగా తగ్గాయి. మన కోలాటం, బతుకమ్మ ఆట చూసినవారికి ఇందులో కొత్తదనమేమీ కనిపించదు. వలయం తిరగాలి, తాళం తప్పకూడదు, పక్కవారి కర్రను గమనించాలి, పాట కూడా పాడాలి.

బలం సంగతి కూడా ఇటువంటిదే. కసరత్తు మొదలుపెట్టిన తొలి వారాలలో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండ పెరగడం వలన రాదు. ఉన్న కండనే మెదడు, నరాలు మరింత బాగా పనిలోకి దింపడం వలన వస్తుంది. కెనడాలోని వాంకూవర్ నగరంలో 65 నుంచి 75 ఏళ్ళ మధ్య స్త్రీలు 155 మందిపై జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. వారానికి ఒకటి రెండుసార్లు బరువులతో వ్యాయామం ఏడాదిపాటు చేసినవారు ఒక తమాషా పరీక్షలో మెరుగుపడ్డారు. "ఎరుపు" అన్న మాటను ఆకుపచ్చ సిరాతో రాసి, సిరా రంగు చెప్పమంటారు. నోరు ఎరుపు అనబోతుంది; దానిని అదుపు చేయాలి. అనవసరమైన దానిని తోసిపుచ్చి అవసరమైన దానిపై దృష్టి నిలిపే శక్తి ఇది. గడప దగ్గర కావలసినదీ అదే.

ఇక మా ఇంట్లో అమలు చేసిన పద్ధతి చెబుతాను. మొదట గోడకు ఆనించిన చేతుల కుర్చీలో నుంచి చేతి సాయం లేకుండా లేచి కూర్చొనవలెను. అమ్మగారు తొలిరోజు ఒక్కసారి కూడా లేవలేకపోయారు. రెండు దిండ్లు వేసి కుర్చీ ఎత్తు పెంచాం. నెల తిరిగేసరికి ఒక దిండు తీసివేశాం. తరువాత వంటగట్టు పట్టుకొని ఒంటికాలిపై నిలబడడం. మొదట రెండు చేతులతో పట్టుకొని, ఆపై ఒక చేతితో, చివరకు చేయి గట్టుకు తగిలీ తగలనట్లుగా పది సెకన్లు నిలవవలెను.

ఈ రెండూ కుదిరిన తరువాతనే అవధానం. వసారాలో నడుస్తూ తెలుగు నెలలు వెనుక నుంచి చెప్పవలెను: ఫాల్గుణం, మాఘం, పుష్యం... చదువు అలవాటున్నవారు నూరు నుంచి మూడేసి తగ్గించి లెక్కించవచ్చును. పక్కన ఒకరు తప్పక నడవవలెను. నోరు తడబడినా ఫరవాలేదు గాని అడుగు తడబడితే లెక్క ఆపవలెను. వారం వారం ప్రశ్న మార్చవలెను. కంఠతా వచ్చేసిన దానితో మెదడుకు పని ఉండదు. నుదుట చెమట పట్టి నోటితో గాలి పీల్చవలసివస్తే సగం బలం ఖర్చయినట్లు, ఆనాటికి చాలించవలెను.

వ్యాయామానికి ముందు పాదాలకు నువ్వులనూనె మర్దన మంచిదే, కాని అరికాళ్ళు పొడిగుడ్డతో శుభ్రంగా తుడవనిదే అడుగు వేయనీయకండి. భోజనంలో పప్పు, పెరుగు తగ్గనీయవద్దు. సరస్వతి ఆకు వాడితే చాలదా అని కొందరు అడుగుతుంటారు. ఏ ఆకూ మీ బదులు నడవదు. గుంజిళ్ళను విదేశాలలో "సూపర్ బ్రెయిన్ యోగా" అని పేరు మార్చి తెలివి పెంచే మంత్రంగా ప్రచారం చేశారు. చెవులు పట్టుకుంటే తెలివి పెరుగుతుందనడానికి గట్టి ఆధారం నాకు కనిపించలేదు. తొడలకు బలమిచ్చే కసరత్తుగా మాత్రం మోకాళ్ళు సహించేవారికి అది మంచిదే.

ఈ సాధన మతిమరుపు వ్యాధిని నయం చేయదు. రోజురోజుకూ జ్ఞాపకం క్షీణిస్తున్నా, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఏడాదిలో రెండుసార్లు పడిపోయినా ముందు వైద్యునికి చూపించవలెను. నిద్రమాత్రలు, రక్తపోటు మందులు కూడా కొందరిని పడవేస్తాయి; వాడుతున్న మందులన్నీ చీటీ మీద రాసుకొని వెళ్ళండి.

మా అమ్మగారు ఇప్పుడు వసారాలో ఇరవైసార్లు తిరుగుతారు. ఆశ్వయుజం దగ్గర నేటికీ ఒక్క క్షణం ఆగుతారు, కాలు మాత్రం ఆగదు. నా కళ్ళజోడు నేనే వెదుక్కుంటున్నాను.