పనిమనిషి దొంగతనం, ద్వీపాంతరవాస శిక్ష

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
- ద్వీపాంతరవాస శిక్ష అంటే ఏమిటో, అది ఎందుకు పుట్టిందో వివరించగలుగుతారు.
- మామూలు దొంగతనానికీ, పనివాళ్లు చేసే దొంగతనానికీ చట్టం చూపిన తేడాను గుర్తించగలుగుతారు.
- ఆ తేడా పేద స్త్రీల జీవితాలపై చూపిన ప్రభావాన్ని చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నేరం చేసిన మనిషిని దేశం దాటించి, సముద్రం అవతల ఉన్న వలస ప్రాంతంలో నిర్ణీత కాలం లేదా జీవితాంతం ఉంచి పనిచేయించడాన్ని ద్వీపాంతరవాస శిక్ష అంటారు. మన ప్రాంతంలో దీన్ని ‘కాలాపానీ’ అని కూడా అన్నారు. ఈ మాట వినగానే స్వాతంత్ర్య సమరయోధులు, అండమాన్ సెల్యులర్ జైలు గుర్తుకొస్తాయి. అయితే బ్రిటిష్ సామ్రాజ్యంలో ఈ శిక్ష అనుభవించిన వాళ్లలో చాలామంది రాజకీయ ఖైదీలు కారు. ఒక గౌను, కొన్ని చెంచాలు, కొంచెం తిండి దొంగిలించిన పేదలు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్లలో ఇళ్లలో పనిచేసే స్త్రీల స్థితిని ఇక్కడ పరిశీలిద్దాం.

2. ఇంగ్లండు: ఒక గౌనుకు ఏడేళ్లు

ఇంగ్లండులో 1718లో చేసిన చట్టం చిన్న దొంగతనాలకు కూడా ఏడేళ్ల ద్వీపాంతరవాసం విధించే వీలు కల్పించింది. మొదట ఖైదీలను అమెరికా వలసలకు పంపేవారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ తరవాత ఆస్ట్రేలియాను ఎంచుకున్నారు. 1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి బయలుదేరిన పదకొండు ఓడలు 1788 జనవరిలో అక్కడికి చేరాయి.

ఆ ఓడల్లో ఒకటైన ‘లేడీ పెన్రిన్’లో ఎలిజబెత్ హేవర్డ్ అనే 13 ఏళ్ల అమ్మాయి ఉంది. ఆమె చెక్క చెప్పులు తయారుచేసే ఒక యజమాని దగ్గర పనికి కుదిరింది. అతని ఇంట్లో నార గౌను, పట్టు టోపీ వంటి బట్టలు దొంగిలించిందని 1787 జనవరిలో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు ఆమెకు ఏడేళ్ల ద్వీపాంతరవాసం విధించింది.

ఆమెది ఒంటరి ఉదంతం కాదు. 1788 నుంచి 1868 వరకు ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీలు సుమారు 1,62,000 మంది. వారిలో స్త్రీలు సుమారు 25,000 మంది. ఈ స్త్రీలలో ఎక్కువమంది దొంగతనం కేసుల్లో శిక్షపడినవాళ్లు. వృత్తి అడిగినప్పుడు వాళ్లలో అనేకులు ‘ఇంటిపని’ అనే చెప్పారు. అక్కడికి చేరాక చాలామందిని మళ్లీ వలసదారుల ఇళ్లలో పనికే పెట్టారు. అంటే యజమాని ఇంట్లో దొంగతనం చేసిందని శిక్షించిన స్త్రీతో వేరొక యజమాని ఇంట్లో దాదాపు జీతం లేకుండా పనిచేయించారు. శిక్షాకాలం ముగిశాక తిరుగు ప్రయాణానికి ప్రభుత్వం ఓడ ఖర్చు ఇవ్వలేదు. కాబట్టి పేద స్త్రీకి ఏడేళ్ల శిక్ష ఆచరణలో జీవితాంతం ఊరికి దూరమవడమే అయింది.

3. భారతదేశం: శిక్షాస్మృతిలో అదే ఏడు

ఈస్టిండియా కంపెనీ కూడా భారతీయ ఖైదీలను బెంకూలెన్, పినాంగ్, సింగపూర్ వంటి చోట్లకు పంపింది. 1858 మార్చిలో తొలి జట్టు ఖైదీలతో అండమాన్‌లో కొత్త శిక్షా స్థావరం మొదలైంది. తరవాతి కాలంలో స్త్రీలను కూడా అక్కడికి పంపారు.

1860లో రూపొంది 1862 జనవరి 1 నుంచి అమలైన భారత శిక్షాస్మృతిలో మన అంశానికి సంబంధించిన సెక్షన్లు ఇవి:

- సెక్షన్ 379: మామూలు దొంగతనం. గరిష్ఠంగా మూడేళ్ల జైలు.
- సెక్షన్ 380: నివాస గృహంలో దొంగతనం. గరిష్ఠంగా ఏడేళ్లు.
- సెక్షన్ 381: గుమాస్తా లేదా పనివాడు యజమాని స్వాధీనంలోని వస్తువును దొంగిలించడం. గరిష్ఠంగా ఏడేళ్లు.
- సెక్షన్ 59: ఏడేళ్లు లేదా అంతకు మించి జైలు విధించదగిన నేరానికి, జైలుకు బదులు ద్వీపాంతరవాసం విధించవచ్చు. అయితే అది ఏడేళ్లకు తగ్గకూడదు.
- సెక్షన్ 75: ఒకసారి దొంగతనానికి శిక్షపడిన వ్యక్తి మళ్లీ దొంగతనం చేస్తే యావజ్జీవ ద్వీపాంతరవాసం వరకు విధించవచ్చు.

381ని, 59ని కలిపి చదివితే అసలు విషయం బోధపడుతుంది. దారినపోయే మనిషి కళ్లంలో కుంచెడు జొన్నలు ఎత్తుకుపోతే మూడేళ్లకు మించి శిక్ష లేదు. అదే కళ్లంలో జీతానికి ఉన్న మనిషి అవే జొన్నలు తీసుకుంటే సముద్రం దాటించే అధికారం కోర్టుకు ఉంది. వస్తువు విలువ మారలేదు. మారినది మనిషి స్థానం మాత్రమే. యజమాని నమ్మి ఇంట్లోకి రానిచ్చాడు కాబట్టి నేరం తీవ్రత పెరిగిందన్నది చట్టం చెప్పే కారణం. నమ్మకం రెండువైపులా ఉండాలి. కానీ జీతం ఎగ్గొట్టిన యజమానిపై దీనికి సమానమైన సెక్షన్ ఆ స్మృతిలో లేదు.

4. వజ్రకరూరు నుంచి చూస్తే: ఒక ఊహా ఉదాహరణ

చట్టం ఆచరణలో ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి ఒక కల్పిత సందర్భం తీసుకుందాం. 1877వ సంవత్సరం. వజ్రకరూరు అప్పటికి బళ్లారి జిల్లా గుత్తి తాలూకాలోని ఊరు. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. 1876–78 కరువు దత్తమండలాలను తీవ్రంగా దెబ్బతీసింది. కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానితోపాటు కొద్దిపాటి డబ్బు ఇస్తే చాలని 1877లో ప్రభుత్వం నిర్ణయించింది. ఇటువంటి రోజుల్లో ఒక రైతు ఇంట్లో పనిచేసే స్త్రీ గాదెలోంచి జొన్నలు తీసి పిల్లలకు వండిపెట్టిందనుకోండి.

ఆమె కేసు మొదట మేజిస్ట్రేట్ ముందుకు వస్తుంది. మొదటి తరగతి మేజిస్ట్రేట్‌కైనా రెండేళ్లకు మించి జైలు విధించే అధికారం లేదు. 1864 కొరడా శిక్షల చట్టం ప్రకారం మగవాడైతే జైలుకు బదులు కొరడా దెబ్బలతో వదిలిపెట్టవచ్చు. అదే చట్టం స్త్రీలకు కొరడా దెబ్బలు నిషేధించింది. కాబట్టి ఆమెకు ఎదురయ్యేది ప్రధానంగా జైలే. కేసును సెషన్స్ కోర్టుకు పంపితేనే ద్వీపాంతరవాసం ప్రశ్న వస్తుంది. అంటే ఆమె భవిష్యత్తు మేజిస్ట్రేట్ తీసుకునే నిర్ణయంపై ఆధారపడి ఉంటుంది. పాత శిక్ష ఒకటి రికార్డులో ఉంటే ప్రమాదం మరింత పెరుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చట్టంలో అవకాశం ఉండటం వేరు, ఆచరణలో తరచుగా జరగడం వేరు. అండమాన్‌కు వెళ్లిన స్త్రీలలో ఎక్కువమంది హత్య కేసుల్లో యావజ్జీవ శిక్ష పడినవాళ్లు. వారిలో పసిబిడ్డ హత్య నేరం మోపబడినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆస్ట్రేలియా అనుభవాన్ని యథాతథంగా మన దేశానికి వర్తింపజేయకూడదు. అక్కడ చిన్న దొంగతనం స్త్రీలను ఓడ ఎక్కించిన ముఖ్య కారణం. ఇక్కడ అది తలమీద వేలాడే కత్తి. వేటు పడకపోయినా కత్తి ఉందన్న ఎరుక పనిమనిషిని అణిగిమణిగి ఉండేలా చేస్తుంది. జీతం అడగడానికి వెనుకాడేలా చేస్తుంది.

5. తరవాతి మార్పులు

స్వాతంత్ర్యానంతరం 1955లో చేసిన 26వ నంబరు చట్టం సెక్షన్ 59ని తొలగించింది. ‘యావజ్జీవ ద్వీపాంతరవాసం’ స్థానంలో ‘యావజ్జీవ కారాగార శిక్ష’ను చేర్చింది. సముద్రం దాటించే శిక్ష అలా పోయింది. పనివాళ్ల దొంగతనానికి ఏడేళ్లు అనే నియమం మాత్రం పోలేదు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 306గా కొనసాగుతోంది. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా మొదటి అనుమానం పనిమనిషిమీదకే పోవడం మీరూ చూసే ఉంటారు. ఆ అలవాటు వెనక ఇంత చరిత్ర ఉంది.

6. సారాంశం

ద్వీపాంతరవాసం నేరస్థులను వదిలించుకునే మార్గంగానూ, వలసలకు శ్రామికులను సమకూర్చే మార్గంగానూ పనిచేసింది. ఇంగ్లండులో చిన్న దొంగతనాలకే ఇంటిపని స్త్రీలు దేశం దాటారు. భారత శిక్షాస్మృతి పనివాళ్ల దొంగతనాన్ని వేరుచేసి అదే దారి తెరిచి ఉంచింది. ఆ దారిలో ఎక్కువమంది వెళ్లకపోయినా, యజమానికీ పనిమనిషికీ మధ్య బలం ఎవరి వైపు ఉందో ఆ సెక్షన్ చెబుతుంది.

7. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శిక్షాస్మృతి సెక్షన్ 379, 381ల మధ్య తేడా ఏమిటి? సెక్షన్ 59తో కలిపితే ఆ తేడా ఎలా పెరుగుతుంది?
2. ఆస్ట్రేలియాలో ఏడేళ్ల శిక్ష ఆచరణలో జీవితకాల శిక్షగా ఎందుకు మారింది?
3. పనివాళ్ల దొంగతనానికి ఎక్కువ శిక్ష ఉండాలా? మీ ఊరి అనుభవం ఆధారంగా అనుకూల, ప్రతికూల వాదనలను పది వాక్యాలలో రాయండి.