మస్కట్ దారిన వచ్చిన మాటలు

మీకు తెలుసా? ఇంటర్‌లో మన పిల్లలు బట్టీ పట్టే 'బెంజీన్' పుట్టుక వెతుక్కుంటూ పోతే, ఒమన్‌ ఇళ్లలో ధూపం వేసే బంక దగ్గర తేలతాం.

దక్షిణ ఒమన్‌లోని దోఫార్‌లో, కొండల వెనక ఎండిన నేలల్లో ఒక పొట్టి చెట్టు పెరుగుతుంది. దాని బెరడును అక్కడక్కడా పైపైన చెక్కి వదిలేస్తారు. గాటు మీద పాలచుక్కలు ఊరి, కొన్నాళ్లకు గట్టిపడతాయి. అప్పుడు గీకి తీస్తారు. మొదటి కోతలో వచ్చినదానికి విలువ తక్కువ, ఆ తర్వాతి కోతలదే గిరాకీ. దాన్ని అరబ్బులు 'లుబాన్' అంటారు. తెలుపు, పాలు అనే అర్థాలున్న ధాతువు నుంచి పుట్టిన పేరది. గల్ఫ్‌లో మజ్జిగ సీసాల మీద కనబడే 'లబన్' దానికి దగ్గర చుట్టం.

తర్వాత సుమత్రా నుంచి ఇంకో రకం సువాసన బంక ఓడలెక్కి వచ్చింది. ఆ దీవిని అప్పటి అరబ్బులు జావా అనేవారు కాబట్టి దీనికి 'లుబాన్ జావీ' అని పేరు పెట్టారు. యూరప్ వర్తకుల నోట ఆ 'లు' కాస్తా వాళ్ల భాషల్లో పేరుకు ముందు వచ్చే 'లో' అనిపించుకుని ఊడిపోయింది. మిగిలిన ముక్కే సాగి సాగి బెంజోయిన్ అయింది. మన సాంబ్రాణి అదే. 1833లో మిట్షెర్లిక్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఈ బంక నుంచి వచ్చే బెంజోయిక్ ఆమ్లాన్ని సున్నంతో కలిపి కాచి ఒక ద్రవం తీశాడు. దానికి బెంజిన్ అని పేరు పెట్టాడు. మన పిల్లల బెంజీన్ అదే. ఇప్పుడు ఈజిప్టులో, సౌదీలో పెట్రోలును 'బన్‌జీన్' అంటారు. అరబ్బుల మాట పేరు మార్చుకుని మళ్లీ అరబ్బుల ఇంటికే చేరింది!

అసలు లుబాన్‌కు ఇంగ్లీషు పేరు ఫ్రాంకిన్‌సెన్స్. ఇందులో 'ఫ్రాంక్'ను చూసి ఫ్రాన్స్ అనుకునేరు. పాత ఫ్రెంచిలో దానికి మేలురకం అని అర్థం. దోఫార్‌లోని ఆ చెట్లున్న లోయను, పాత రేవులను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ చెట్టు తోబుట్టువు మన అడవుల్లోనూ ఉంది. దాన్ని అందుగు అంటాం.

మాన్‌సూన్‌కు మూలం అరబ్బీ 'మౌసిమ్'. అంటే రుతువు, ఓడ కదలాల్సిన అదను. పోర్చుగీసుల ద్వారా ఇంగ్లీషులోకి ఎక్కింది. దోఫార్‌లోని సలాలా వాళ్లు మాత్రం తమ వానాకాలాన్ని 'ఖరీఫ్' అంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సన్నటి తుంపర, పొగమంచు, పచ్చటి కొండలు. చూడ్డానికి గల్ఫ్ అంతా అక్కడికే పరుగెడుతుంది. మన రైతు ఖరీఫ్ పంటలోని ఖరీఫ్ కూడా ఇదే మాట. అరబ్బీలో అసలు అర్థం శరదృతువు. కోతల వేళను బట్టి పంటకు పేరొచ్చింది.

ఒమన్ కొండల రాతికి ఓఫియోలైట్ అని ఒక వింత పేరు. గ్రీకులో 'ఓఫిస్' పాము, 'లిథోస్' రాయి. పాము చర్మంలా పచ్చగా, మచ్చలతో ఉంటుందని ఆ పేరు. ఒకప్పటి సముద్రగర్భపు నేల పైకి తోసుకొచ్చి ఇలా కొండలవుతుంది. ఒమన్‌లోని సమాయిల్ ఓఫియోలైట్ ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరుపడ్డది. వయసు సుమారు 9.5 కోట్ల ఏళ్లు.

మస్కట్ ద్రాక్షకూ మస్కట్ నగరానికీ చుట్టరికం ఉందని చెప్పేవాళ్లున్నారు. నాకు నమ్మకం లేదు. ఆ ద్రాక్ష పేరు కస్తూరిని సూచించే 'మస్క్' నుంచి వచ్చిందంటారు నిఘంటుకారులు. ఆ మస్క్ మూలం సంస్కృతంలో 'ముష్కం', అంటే వృషణం. కస్తూరి తిత్తి ఆకారాన్ని బట్టి ఆ పేరు. ద్రాక్షపళ్లు తింటున్నవాళ్లకు చెప్పకండి.

ఇక మర్రిచెట్టు. హోర్ముజ్ జలసంధికి అవతల, ఒమన్‌కు ఎదురుగా ఉన్న బందర్ అబ్బాస్‌లో గుజరాతీ బనియాలు ఒక మర్రి కింద గుడి కట్టుకున్నారు. వాళ్ల పేరు మీదే తెల్లవాళ్లు ఆ చెట్టును 'బనియన్ ట్రీ' అన్నారు. ఆ బనియాలే మస్కట్‌లోనూ తరతరాలుగా వ్యాపారం చేశారు. వాళ్ల తరహా వదులు చొక్కాను కూడా తెల్లవాళ్లు బనియన్ అనే పిలిచారు. చొక్కా లోపలికి దిగి, చేతులు పోగొట్టుకుని, మన దండేల మీద ఆరుతున్నది అదే.