ఊళ్లోకి వచ్చే బీఎస్సీ పిల్లలతో మన లెక్క రాయిద్దాం

ఖరీఫ్ పనులు ఊపందుకునే వేళకు కొన్ని ఊళ్లలో కొత్త ముఖాలు కనిపిస్తాయి. చేతిలో నోటు పుస్తకం, నెత్తిన టోపీ, కాళ్లకు అలవాటు లేని బురద. "బాబాయ్ గారూ, ఎన్నెకరాలు సాగు చేస్తున్నారు? కిందటేడు దిగుబడి ఎంత?" అని వివరాలు అడుగుతుంటారు. వీళ్లు వ్యవసాయ కళాశాలలో నాలుగో ఏడాది చదివే పిల్లలు. మనోళ్లు చాలామంది ఇదేదో సర్కారు సర్వే అనుకుంటారు. నోటికొచ్చిన అంకె చెప్పి పంపేస్తారు. అక్కడే రైతు నష్టపోతున్నాడు. ఆ పిల్లలు నేర్చుకోడానికి వచ్చారు, నిజమే. కానీ వాళ్ల చేత మనం చేయించుకోదగ్గ పని చాలా ఉంది. అదీ పైసా ఖర్చు లేకుండా.

ఏమిటీ కార్యక్రమం?

దీన్ని గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం అంటారు. కాలేజీ పిల్లలు పొట్టిగా 'రావే' అని పిలుచుకుంటారు. వ్యవసాయ డిగ్రీ చదివిన వాడికి నాగలి పట్టడం రాదు, రైతుతో మాట్లాడడం రాదన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. దానికి విరుగుడుగా ప్రతి విద్యార్థీ కొంతకాలం పల్లెలో గడపాలని భారత వ్యవసాయ పరిశోధనా మండలి నియమించిన రణ్‌ధవా కమిటీ 1992లో సిఫారసు చేసింది. 2015లో కేంద్రం 'స్టూడెంట్ రెడీ' పేరుతో దీన్నీ, మరికొన్ని శిక్షణలనూ ఒకే గొడుగు కిందకు తెచ్చింది.

అయిదో డీన్ల కమిటీ రూపొందించిన పాఠ్య ప్రణాళిక ప్రకారం ఇది మొత్తం 20 వారాలు. మొదటి వారం కాలేజీలో తర్ఫీదు. తర్వాత 8 వారాలు పల్లెలో రైతుల దగ్గర. 5 వారాలు కృషి విజ్ఞాన కేంద్రంలోనో, పరిశోధనా స్థానంలోనో. 2 వారాలు చీడపీడల నిర్ధారణ. 3 వారాలు వ్యవసాయ పరిశ్రమల్లో. చివరి వారం నివేదిక తయారీ. అంటే రైతు దగ్గర రెండు నెలలు ఉంటారన్నమాట. నాటు దగ్గర నుంచి కలుపు దాకా కళ్లారా చూసే వీలుంటుంది.

దీనికి తోడు కాలేజీలోనే మరో శిక్షణ ఉంది. నలుగురైదుగురు పిల్లలు జట్టుగా కలిసి పుట్టగొడుగులో, వర్మి కంపోస్టో, నర్సరీ మొక్కలో, విత్తనోత్పత్తో చేపడతారు. ముడిసరుకు కొనడం, పని పంచుకోవడం, సరుకు అమ్మడం, ఖాతా రాయడం అన్నీ వాళ్లే చూసుకోవాలి. మిగిలిన లాభంలో వాళ్లకూ వాటా ఉంటుంది. పట్నం కాలేజీల్లో వేలకు వేలు ఫీజు తీసుకుని వేసవిలో నాయకత్వం, యాజమాన్యం అంటూ పాఠాలు చెబుతారు. వ్యవసాయ డిగ్రీ పిల్లలకు అదే పాఠం మట్టిలో, అంగట్లో దొరుకుతోంది.

నాయకత్వం అంటే ఉపన్యాసం కాదు

పల్లెకొచ్చిన విద్యార్థి మొదట చేయాల్సింది మాట్లాడడం కాదు, వినడం. రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం వేయిస్తారు. చెరువెక్కడ, కాలవ చివరి పొలాలెక్కడ, చౌడు ఎక్కడ, పశువుల మేత ఎక్కడ... ఇవన్నీ ఊరివాళ్ల చేతే గీయిస్తారు. ఇదే వనరుల పటం. ఏ నెలలో పని దొరుకుతుంది, ఏ నెలలో చేతిలో డబ్బాడదు, ఏ నెలలో పశుగ్రాసం కరువు అన్నది మరో పటం. ఆ తర్వాత ఊరికి ఒక కొస నుంచి ఇంకో కొసకు రైతులతో కలిసి నడుస్తూ నేల, నీరు, పంట ఎలా మారుతున్నాయో రాసుకుంటారు.

ఇందులో చిన్న కిటుకు ఉంది. పటం వేసేటప్పుడు గట్టిగా మాట్లాడే నలుగురే సుద్ద పట్టుకుంటారు. కాలవ చివరి రైతు, కౌలు రైతు, కలుపు తీసే ఆడవాళ్లు వెనక నిలబడతారు. వాళ్లను ముందుకు పిలిచి సుద్ద చేతికిచ్చిన విద్యార్థికే నాయకత్వం వచ్చినట్టు. మొదటి పటంలో కనపడని నీటి ఎద్దడి అప్పుడు బయటపడుతుంది. ఊళ్లో ఆడవాళ్లు వేసే పటమూ, మగవాళ్లు వేసే పటమూ వేరువేరుగా ఉంటాయన్నది ఈ పని చేసిన వాళ్లందరికీ తెలిసిందే. తాగునీటి బావి, కట్టెలు దొరికే చోటు ఆడవాళ్ల పటంలోనే ముందుగా పడతాయి.

యాజమాన్యం అంటే లెక్క

ఈ పిల్లలు చదివే వాటిలో రైతుకు అక్కరకొచ్చే గట్టి పాఠం సాగు ఖర్చు లెక్క. మనం చేతి నుంచి పోయిన డబ్బునే ఖర్చంటాం. సొంత కష్టాన్ని లెక్కలో వెయ్యం. కేంద్రానికి మద్దతు ధరలు సిఫారసు చేసే వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ మాత్రం మూడు మెట్లుగా లెక్క కడుతుంది. మొదటి మెట్టు జేబులోంచి పోయింది. దాన్ని ఏ2 అంటారు. రెండో మెట్టులో ఇంటిల్లిపాది చేసిన పనికి కూలి కలుపుతారు. మూడో మెట్టులో సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలుపుతారు. దాన్ని సీ2 అంటారు.

ఒక ఎకరం వరి తీసుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు మాత్రమే. మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి.

దుక్కి, దమ్ము: 5,500
విత్తనం, నారుమడి: 1,500
ఊడ్పు కూలి: 5,000
ఎరువులు: 4,500
పురుగు, తెగులు మందులు: 3,000
కలుపు: 2,000
కోత మిషన్: 3,000
బస్తాలు, రవాణా: 1,500
చేతి ఖర్చు మొత్తం: 26,000 రూపాయలు

దిగుబడి 75 కిలోల బస్తాలు 32 అనుకుందాం. అంటే 24 క్వింటాళ్లు. సాధారణ రకం వరికి 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. ఆ లెక్కన చేతికొచ్చేది 56,856. చేతి ఖర్చు తీసేస్తే 30,856 మిగిలింది. బాగానే ఉందనిపిస్తుంది.

ఇప్పుడు భార్యాభర్తలు పొలంలో పడ్డ కష్టం కలపండి. ఇద్దరివీ కలిపి 20 పని దినాలు, రోజుకు 500 చొప్పున 10,000. మిగులు 20,856కు దిగింది. సొంత భూమిని కౌలుకిస్తే వచ్చే 15,000, పెట్టుబడి మీద వడ్డీ 1,000 కూడా కలపండి. మొత్తం ఖర్చు 52,000 అయింది. మిగులు 4,856 రూపాయలు మాత్రమే. కొనుగోలు కేంద్రం దాకా వెళ్లలేక కళ్లంలోనే క్వింటాకు 200 తగ్గించి అమ్మితే 4,800 పోయింది. మిగిలింది 56 రూపాయలు!

సొంత భూమి ఉన్న రైతుకు ఆ కౌలు సొమ్ము ఇంట్లోనే ఉంటుంది. కౌలు రైతుకు అది ముందే చేతి నుంచి పోతుంది. నాలుగు బస్తాలు దిగుబడి తగ్గిందా, క్వింటా 2,369 చొప్పున 7,107 రూపాయలు తగ్గినట్టే. అప్పుడు తన రెక్కల కష్టంలోంచే 2,251 పోగొట్టుకున్నట్టు. ఒకే ఊరు, ఒకే పంట, ఒకే దిగుబడి అయినా ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. ఈ తేడా కాగితం మీద కనపడాలి.

2018-19 నుంచి కేంద్రం మద్దతు ధరను రెండో మెట్టు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఉండేలా నిర్ణయిస్తున్నానంటోంది. రైతు సంఘాలు మూడో మెట్టు మీద లెక్క కట్టమంటున్నాయి. ఈ గొడవ ఏమిటో తెలియాలన్నా ముందు మన లెక్క మనకు తెలియాలి.

పిల్లల చేత ఏం చేయించుకోవాలి?

ఊళ్లో ఉన్న 8 వారాల్లో ఈ కింది పనులు చేయించుకోండి. ఇవన్నీ వాళ్ల చదువులో భాగమే కాబట్టి మొహమాట పడక్కర్లేదు.

* మీ పొలం ఖాతా పుస్తకం మొదలెట్టించండి. తేదీ, పని, ఇంటి మనిషి ఎంతసేపు, కూలి మనిషి ఎంతసేపు, డబ్బెంత... ఈ అయిదు గళ్లు చాలు. వాళ్లు వెళ్లాక బడికెళ్లే మీ అబ్బాయో, అమ్మాయో కొనసాగిస్తారు.

* మట్టి నమూనా తీయడం దగ్గరుండి చూడండి. ఎకరంలో 8-10 చోట్ల 'వి' ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, పక్క నుంచి పలచగా మట్టి చెక్కాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిల్చి పంపాలి. పంట కోశాక, మళ్లీ ఎరువు వేయక ముందు తీయడం మంచిది.

* విత్తనం కొన్న సంచిలోంచి 100 గింజలు తీసి తడిగుడ్డలో మొలక కట్టించండి. ధృవీకరించిన వరి విత్తనం కనీసం 80 మొలకెత్తాలి. తక్కువైతే సంచీ, బిల్లూ దాచిపెట్టి వ్యవసాయాధికారి దృష్టికి తీసుకెళ్లండి.

* వరి ఊడ్చేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలించండి. గాలి, వెలుతురు తగిలి దోమపోటు ఉధృతి తగ్గుతుంది. పక్క మడి మామూలుగా వదిలేస్తే తేడా కంటికే కనపడుతుంది.

* వాళ్లకు తెలియని తెగులు కనపడితే ఆకు కోసి కృషి విజ్ఞాన కేంద్రానికి పంపించమనండి. జవాబు తెచ్చే బాధ్యత వాళ్లదే.

పెద్దరైతు అరుగు దాటి రావాలి

ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. విద్యార్థికి ఆతిథ్యమిచ్చే రైతును ఎంచుకునేటప్పుడు మంచి ఇల్లు, నీటి వసతి, నాలుగు రకాల పంటలు ఉన్నవాళ్ల వైపే చూపు పోతుంది. ఆడపిల్లలు ఉంటారు కాబట్టి భద్రత చూడడం తప్పు కాదు. కానీ బస చేసే ఇల్లు వేరు, పాఠం నేర్చుకునే పొలం వేరు. పదెకరాల ఆసామి లెక్కలు రాసుకుపోతే ఎకరంన్నర రైతు కష్టం ఆ నివేదికలోకి ఎక్కదు. రేపు ఈ పిల్లలే వ్యవసాయాధికారులు, బ్యాంకు అధికారులు, కంపెనీ ప్రతినిధులు అవుతారు. అప్పు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కౌలు రైతు లెక్క వాళ్లకు గుర్తుండాలంటే ఇప్పుడే ఆ మడిలో దిగాలి.

కాబట్టి చిన్న రైతులే చొరవ చేయాలి. పంచాయతీ దగ్గర పరిచయ సమావేశం పెడితే వెళ్లండి. "మా పొలం కూడా చూడండమ్మా" అని పిలవండి. అప్పు సంగతి దాచకుండా చెప్పండి. షావుకారు వడ్డీ ఎంతో చెప్పకపోతే లెక్క తప్పుతుంది. తప్పు లెక్కతో నేర్చిన పాఠమూ తప్పే.

మన పిల్లల సంగతి

వ్యవసాయ డిగ్రీలో చేరాలనుకునే రైతు బిడ్డలకు రైతుల కోటా ఉంది. పల్లెలో చదివిన ఏళ్లు, కుటుంబానికి ఉన్న భూమి చూస్తారు. యేటా వచ్చే ప్రవేశ ప్రకటనలో నిబంధనలు చూసుకుని పాసు పుస్తకం, చదువు ధ్రువపత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. పదో తరగతితో ఆగాల్సి వస్తే రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది.

2024-25 నుంచి ఆరో డీన్ల కమిటీ సిఫారసులు అమల్లోకి వచ్చాయి. ఇంటి ఇబ్బందుల వల్ల మొదటి ఏడాదో, రెండో ఏడాదో చదువు ఆపేయాల్సి వస్తే, 10 వారాల పని శిక్షణ పూర్తి చేసిన వాళ్లకు మొదటి ఏడాదికి సర్టిఫికెట్, రెండో ఏడాదికి డిప్లొమా ఇస్తారు. చదివిన చదువు వృథా కాదు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాలేదని కూర్చోనక్కర్లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని 'మేనేజ్' సంస్థ ఆధ్వర్యంలో 2002 నుంచి అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం నడుస్తోంది. 45 రోజుల శిక్షణ ఉచితం. సొంతంగా కేంద్రం పెట్టుకునే వాళ్లకు 20 లక్షల దాకా ప్రాజెక్టుకు బ్యాంకు రుణంతో ముడిపడిన రాయితీ 36 శాతం, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, మహిళలకు 44 శాతం.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ ఇలాంటి పిల్లలు కావాలి. 2020 ఫిబ్రవరిలో ప్రారంభించిన 10 వేల సంఘాల పథకంలో మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. సంఘానికి మూడేళ్లలో 18 లక్షల దాకా నిర్వహణ సాయం, రైతు కట్టిన వాటాకు సమానంగా మనిషికి 2,000 మించకుండా, మొత్తం 15 లక్షల దాకా మూలధన సాయం అందులో ఉన్నాయి. ఇన్ని డబ్బులొచ్చినా లెక్క రాసే మనిషి, సరుకు బేరమాడే మనిషి లేక కొన్ని సంఘాలు బోర్డుకే పరిమితమవుతున్నాయి. ఊరి బిడ్డే ఆ పని నేర్చి వస్తే అంతకు మించింది ఏముంది?

ఒక హెచ్చరిక. నాయకత్వ శిక్షణ, ఉద్యోగం గ్యారంటీ అంటూ వేసవిలో కరపత్రాలు పంచేవాళ్లుంటారు. డబ్బు కట్టే ముందు ఆ సర్టిఫికెట్‌కు విశ్వవిద్యాలయం గుర్తింపు ఉందో లేదో దగ్గరి వ్యవసాయ కళాశాలలో అడగండి. పంట అమ్మిన డబ్బు అలా కాగితానికి పోకూడదు.

వెంటనే చేయాల్సింది

దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో, ఏరువాక కేంద్రానికో వెళ్లి ఈ ఏడాది విద్యార్థులు ఏయే ఊళ్లకు వస్తున్నారో కనుక్కోండి. మీ ఊరు జాబితాలో లేకపోతే సర్పంచి సంతకంతో ఒక వినతిపత్రం ఇవ్వండి. ఈలోగా ఒక రెండొందల పేజీల నోటు పుస్తకం కొని, పై అయిదు గళ్లూ గీసి, దుక్కి ఖర్చు నుంచే రాయడం మొదలెట్టండి.