పోటీ ఎడ్ల వ్యానులో రిఫ్రిజిరేటరు - కరెంటు ఏర్పాటు

ఒంగోలు జాతి ఎడ్లను పెంచి బండలాగుడు పోటీలకు తీసుకొనిపోవు రైతులు నేడు మనలో పలువురు కలరు. సంక్రాంతికో, శివరాత్రి తిరునాళ్లకో బయలుదేరినచో మూడు నాలుగు దినములు వ్యానే వారికి ఇల్లు. వెనుక ఎడ్లు, ముందు చెక్కలతో అడ్డముగా కట్టిన చిన్న గదిలో మనుష్యులు, వంటసామాను. ఈ గదిలో రిఫ్రిజిరేటరు పెట్టుకొనవచ్చునా అను ప్రశ్న సహజమే. పాలు, పెరుగు మాట అటుంచుడు. చక్కెర వ్యాధి గలవారు తెరువక నిలువ ఉంచుకొను ఇన్సులిన్ సీసాలు, పశువులకు ధనుర్వాతము రాకుండ ఇచ్చు సీరము 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో నుండవలెను. కనుక దీనిని విలాసమని కొట్టివేయరాదు. అయితే లెక్క చూచుకొనక పెట్టినచో రెండవనాటి తెల్లవారుజామున మందు పాడగుటయే కాక, ఇంజను స్టార్టు కాక ఎడ్లతో సహా దారిలో నిలిచిపోవలసి వచ్చును.

అమెరికాలో గుర్రములను పోటీలకు తిప్పువారు ఇట్టి ఏర్పాటునే పెద్దయెత్తున చేసికొందురు. వాహనము వెనుక లాగు ట్రైలరులో గుర్రములకు కొట్టములు, ముందుభాగమున పడక, పొయ్యి, రిఫ్రిజిరేటరు ఉండును. అక్కడ చాలకాలముగా వాడుకలో నున్నది గ్యాసు మంటతో చల్లబరచు రకము. మంటతో చల్లదనమేమని ఆశ్చర్యపడనక్కరలేదు. 1922లో స్వీడను దేశమున ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ అను ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి యిది. నీటిలో కరగిన అమ్మోనియాను వేడిచేసినచో ఆవిరియై వేరుపడును. అది చల్లారి ద్రవమై, మరల ఆవిరి యగునపుడు పెట్టెలోని వేడిని గ్రహించును. బ్యాటరీపై భారము స్వల్పము. కాని బండి ఒరిగి నిలిచినచో లోని ద్రవము సరిగా పారదు. ఎండుగడ్డి మోయు వ్యానులో మంట వెలిగించి యుంచుటను నేను సిఫారసు చేయను. ఈ రకమునే బ్యాటరీతో నడుపబూనినచో ఎడతెగక 10 ఆంపియర్లకు పైగా లాగి, రాత్రి గడువకముందే బ్యాటరీని ఖాళీ చేయును.

మనకు తగినది 12 వోల్టుల కంప్రెసరు పెట్టె. 40 లీటర్ల పెట్టె చాలును. కంప్రెసరు తిరుగునపుడు సుమారు 4 ఆంపియర్లు తీసికొనును; మన వేసవిలో రోజులో సగము కాలము తిరుగుననుకొనుడు. 4ను 12 గంటలతో హెచ్చింపగా 48 ఆంపియర్-గంటలు. బావి మోటారుకు యూనిట్లవలె బ్యాటరీకి ఈ ఆంపియర్-గంటయే కొలత. ఇక 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ కొన్నచో రెండు దినములు వచ్చునని భ్రమపడరాదు. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడుచుండినచో త్వరలో చెడును. అందుచేత అది ఒక దినమునకే సరి. లిథియం బ్యాటరీలో నూటికి 80 వంతులు వాడవచ్చును. వెల యెక్కువ, బరువు తక్కువ.

ఇంటి రిఫ్రిజిరేటరునే ఇన్వర్టరు పెట్టి నడుపుదుమని కొందరందురు. అది మొదలగునపుడు మామూలుకు అనేకరెట్లు కరెంటు లాగును గనుక పెద్ద ఇన్వర్టరు కావలెను. ఆ ఇన్వర్టరు ఊరక ఉన్నను 1 ఆంపియరు చొప్పున తినినచో దినమునకు 24 ఆంపియర్-గంటలు వృథా. పైగా గతుకుల బాటకు చేసిన వస్తువు కాదది. ఇంట వాడు ట్యూబులర్ బ్యాటరీయు వ్యానునకు పనికిరాదు. కుదుపులకు ఆసిడ్ చిందును. మూసివేసిన రకము కొనుడు.

అన్నిటికంటె ముఖ్యము, ఇంజను స్టార్టు చేయు బ్యాటరీకి రిఫ్రిజిరేటరును తగిలింపరాదు. వేరు బ్యాటరీ పెట్టి, ఇంజను నడుచునపుడు మాత్రమే దానికి కరెంటు పంపు డి.సి. చార్జరు మెకానిక్కుచేత అమర్పించుడు. 20 ఆంపియర్ల చార్జరు మూడు గంటల ప్రయాణములో ఒక దినపు ఖర్చును చాలవరకు తిరిగి నింపును. కొన్ని లారీలలో 24 వోల్టులుండును గనుక ముందుగా చూచుకొనుడు. తీగ విషయమున పొదుపు కూడదు. బ్యాటరీ నుండి పెట్టెకు 6 మీటర్లున్నచో 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో అరవోల్టుకు పైగా తగ్గిపోవును. బ్యాటరీలో కరెంటుండియు పెట్టె ఆగిపోవును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయుడు. బ్యాటరీకి జానెడు దూరములోనే ఫ్యూజు ఉండవలెను. తీగలు గొట్టములో, ఎడ్ల కాళ్లకందని యెత్తున పోవలెను. పశువుల మూత్రపు ఘాటుకు బ్యాటరీ కొనలు తుప్పుపట్టును; వ్యాజలైను రాయుచుండుడు.

పోటీ మైదానములో రెండు దినములు వ్యాను కదలదు. అప్పుడు సౌరఫలకము ఆధారము. బాగుగా ఎండ కాయుచోట 200 వాట్ల ఫలకము దినమునకు సుమారు 50 ఆంపియర్-గంటలు ఇచ్చును. మన ఖర్చుకు సరిపోవును. చిక్కు ఒక్కటే: ఎడ్లకు నీడ కావలెను, ఫలకమునకు ఎండ కావలెను. చెట్టు క్రింద నిలిపిన వ్యాను పైకప్పుమీది ఫలకము దాదాపు పనిచేయదు. కనుక ఫలకమును విడిగా ఉంచి, 10 మీటర్ల తీగతో ఎండలో ఆనించుట మేలు. ఇంత దూరమునకు తీగ 6 చదరపు మిల్లీమీటర్లది కావలెను. దగ్గరలో ఇల్లున్నచో అడిగి, బ్యాటరీ చార్జరుతో రాత్రి నింపుకొనుడు.

బయలుదేరు ముందటి రాత్రి పెట్టెను ఇంటి కరెంటుపై నడిపి, చల్లబడిన వస్తువులనే అందులో పెట్టవలెను. వేడి అన్నపు గిన్నె పెట్టినచో కంప్రెసరు గంటలతరబడి ఆగదు. పెట్టెచుట్టు నాలుగు వ్రేళ్ల సందు విడువుడు. గడ్డిమోపు దానికి ఆనింపరాదు. మందుల సీసాలను గుడ్డ చుట్టి, చల్లని పలకకు తగులకుండ మధ్య నుంచుడు. ఇన్సులిన్ గాని సీరము గాని గడ్డకట్టినచో, కరగిన పిమ్మట చూచుటకు బాగున్నను వాడరాదు, పారవేయవలెను. పది రూపాయల మందు కాదు గనుక పెట్టెలో చిన్న థర్మామీటరు వ్రేలాడదీసి, ఎడ్లకు నీరు పెట్టినప్పుడెల్ల ఒకసారి చూచుచుండుడు.