సాలు కొలిచాకే ట్రాక్టర్

తెలుగు ఊళ్లలో కొత్త ట్రాక్టర్ మాట వస్తే ముందుగా వినిపించే ప్రశ్న, ఎన్ని హెచ్‌పీ? నలభై అయిదా, యాభయ్యా అన్నది తేలిపోయాక కంపెనీ, డౌన్‌పేమెంట్, కిస్తీల గురించి మాట్లాడుకుంటారు. తోటలో చెట్ల మధ్య ఎంత దారి ఉంది, ఏడాది మొత్తం మీద బండికి ఎన్ని గంటల పని ఉంది అన్నవి ఆ మాటల్లోకి రానే రావు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1.00 హెక్టారు. అంటే నిండా రెండున్నర ఎకరాలు కూడా లేదు. ఇంత చిన్న కమతాల మీద బతికే ఇళ్లలో భూమి తర్వాత పెద్ద ఆస్తి ట్రాక్టరే, లెక్క తప్పితే పెద్ద అప్పూ అదే. కాబట్టి అయిదారు ఎకరాల తోట, దాని పక్కన కొంత మెట్టో మాగాణో ఉన్న రైతు హెచ్‌పీతో మొదలుపెట్టకూడదన్నది నా వాదన. మొదట చెట్ల మధ్య దారి కొలవాలి. ఆ దారిలో నడవాల్సిన పనిముట్టు ఏదో తేల్చుకోవాలి. ఏడాదికి పని గంటలు లెక్కవేసుకోవాలి. ఈ మూడూ తేలితే హెచ్‌పీ దానంతట అదే తేలుతుంది.

బానెట్ మీద రాసి ఉండే హెచ్‌పీ ఇంజన్‌ది, పనిముట్టుకు అందేది కాదు. రోటవేటర్, స్ప్రేయర్, గడ్డికోత యంత్రం వంటివి ట్రాక్టర్ వెనక తిరిగే పీటీఓ షాఫ్ట్ మీద నడుస్తాయి. మధ్యలో గేర్లు మింగేది పోను ఆ షాఫ్ట్‌కు చేరేది సాధారణంగా ఇంజన్ శక్తిలో ఎనభై, ఎనభై అయిదు శాతం. గొర్రు, నాగలి లాగేటప్పుడు నష్టం ఇంకా ఎక్కువ. గుల్లగా ఉన్న నేలలో టైరు జారడంలోనూ, మట్టిలో కూరుకుంటూ దొర్లడంలోనూ శక్తి పోయి, ఇంజన్ ఇచ్చినదాంట్లో సుమారు సగమే లాగుడుగా మిగులుతుంది. లాగాలంటే బండికి బరువు కావాలి, షాఫ్ట్ తిప్పడానికి అంత బరువు అక్కర్లేదు. తోట పనుల్లో ఎక్కువ భాగం షాఫ్ట్ తిప్పే పనులే కాబట్టి అక్కడ తేలికపాటి బండి కూడా నెగ్గుకొస్తుంది. ఒకే హెచ్‌పీ పేరుతో అమ్మే రెండు బండ్ల మధ్య పీటీఓ దగ్గర తేడా ఉండొచ్చు. దాన్ని డీలర్ మాటతో తేల్చుకోనక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్షా సంస్థ ఉంది. పీటీఓ శక్తి, డీజిల్ వాడకం, లిఫ్ట్ ఎత్తే బరువు, బ్రేకుల పనితీరు అన్నీ దాని పరీక్షా నివేదికల్లో ఉంటాయి. కొనే మోడల్ నివేదిక చూపించమని అడగడం రైతు హక్కు.

ఇక దారి సంగతి. పాత మామిడి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్లు ఎడం. ఎకరానికి నలభై చెట్లు, మధ్యలో ఎంత పెద్ద బండైనా తిరుగుతుంది. అదే మామిడిని 5 మీటర్ల ఎడంతో పెడితే 160 చెట్లు, అతి సాంద్ర పద్ధతిలో 3 మీటర్లకు 2 మీటర్లు చొప్పున పెడితే 674 చెట్లు. బత్తాయిని చాలా చోట్ల 6 మీటర్ల ఎడంతో నాటుతారు. కాగితం మీద 6 మీటర్లు విశాలంగానే కనిపిస్తుంది. కానీ ఎదిగిన చెట్టు గొడుగు నాలుగున్నర మీటర్లు పరుచుకుంటే రెండు వరుసల కొమ్మల చివరల మధ్య మిగిలేది మీటరున్నరే. 45 హెచ్‌పీ మామూలు ట్రాక్టర్ వెడల్పు సుమారు 1.7 నుంచి 1.8 మీటర్లు. అది వెళ్లిన ప్రతిసారీ రెండు వైపులా కొమ్మలు రాసుకుంటాయి, పిందెలు రాలతాయి, బెరడు చీరుకుపోతుంది. కొలత తీసుకోవాల్సింది మాను నుంచి మానుకు కాదు, కొమ్మ చివర నుంచి కొమ్మ చివరకు. అదీ చెట్టు కాయ బరువుతో వంగి ఉన్న నెలలో. ఎత్తు కూడా చూడాలి. నిటారుగా లేచిన సైలెన్సర్ కింది కొమ్మలకు తగిలి ఆకు మాడుతుంది, డ్రైవర్ తలకు కొమ్మలు తగులుతాయి. తోటల కోసమే చేసిన 20 నుంచి 30 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్లలో చాలావాటి వెడల్పు మీటరు, మీటరుంపావు దగ్గరే ఉంటుంది. కొన్నింటిలో సైలెన్సర్‌ను కిందికి తిప్పి పెడతారు.

దారి తర్వాత పనిముట్టు. నాలుగడుగుల రోటవేటర్‌కు 25 నుంచి 30 హెచ్‌పీ చాలు. అయిదడుగులదైతే 40 దగ్గర, ఆరడుగులదైతే 45 నుంచి 50 కావాలి. రోటవేటర్ వెడల్పు వెనక టైర్ల వెడల్పును కప్పేలా ఉండాలి. లేకపోతే టైరు తొక్కిన చాలు గట్టిగా మిగిలిపోతుంది. స్ప్రేయర్ దగ్గర తప్పేది ఎక్కువగా బరువు లెక్క. చిన్న ట్రాక్టర్ లిఫ్ట్ 750 కిలోలు ఎత్తుతుందని రాసి ఉంటే అది కింది లింకుల కొన దగ్గర కొలిచిన లెక్క. ట్యాంకు బరువు పడేది ఇంకా వెనక్కి, కాబట్టి నిజంగా ఎత్తగలిగేది అంతకంటే తక్కువ. 400 లీటర్ల నీరంటే 400 కిలోలు, దానికి పంపు, ఫ్యాను, ఫ్రేము బరువు కలుపుకోవాలి. అంత బరువు వెనక వేలాడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. చిన్న బండికి 200, 300 లీటర్ల ట్యాంకు తగిలించాలి, లేదంటే చక్రాల మీద లాక్కెళ్లే స్ప్రేయర్ కట్టాలి. క్లచ్ కూడా అడిగి తెలుసుకోవాలి. ఒకే క్లచ్ ఉన్న బండిలో పెడల్ నొక్కితే బండితోపాటు పీటీఓ కూడా ఆగుతుంది. బండి ఆగినా షాఫ్ట్ తిరుగుతూ ఉండే డ్యూయల్ క్లచ్ గానీ, విడి పీటీఓ గానీ ఉంటే సాలు చివర మలుపు తిరిగేటప్పుడు మందు పిచికారీ దెబ్బతినదు. ఇలాంటి సౌకర్యం తోట రైతుకు అదనపు పది హెచ్‌పీ కంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

బండి బరువును నేల కూడా మోయాలి. 45 హెచ్‌పీ ట్రాక్టర్ సుమారు రెండు టన్నులు తూగుతుంది, తోట ట్రాక్టర్ తరచుగా ఒక టన్ను లోపే. తోటలో బండి ఏళ్ల తరబడి అవే రెండు చాళ్లలో తిరుగుతుంది. పదును ఎక్కువగా ఉన్నప్పుడు బరువైన బండి తిరిగితే ఆ చాళ్ల కింద నేల బిగుసుకుపోయి నీరు ఇంకదు, వేరుకు గాలి ఆడదు. బత్తాయి చెట్టుకు ఆహారం తెచ్చే సన్న వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరల్లోనే ఉంటాయి. లోతుగా దున్ని వాటిని కోస్తే ఆ గాయాల ద్వారా వేరుకుళ్లు శిలీంధ్రాలు లోపలికి వెళతాయి. బత్తాయి తోటలో కావలసింది పైపైన సాగే అంతరకృషి, పాదుల జోలికి పోని పని. అక్కడ శక్తి ఎక్కువున్న బండి చెట్టుకు మేలు చేయదు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఆరెకరాల బత్తాయి తోట అనుకుందాం. ఏడాదికి నాలుగు సార్లు అంతరకృషి, ఎకరానికి గంటన్నర చొప్పున 36 గంటలు. ఎనిమిది సార్లు మందు కొడితే ఎకరానికి గంట చొప్పున 48 గంటలు. ఎరువు తోలడం, గడ్డి కోయడం అన్నీ కలుపుకున్నా మొత్తం 150 గంటలు దాటడం కష్టం. మన దేశంలో ట్రాక్టర్ ఖర్చులు లెక్కకట్టేవారు సాధారణంగా ఏడాదికి 1000 గంటల పని ఉంటుందనుకొని కడతారు. ఏడు లక్షల బండి పదేళ్లకు పదోవంతు విలువకు దిగుతుందనుకుంటే ఏటా తరుగుదల 63,000 రూపాయలు. సగటు విలువ మీద పది శాతం వడ్డీ 38,500. రెండూ కలిపి లక్ష దాటాయి. 150 గంటలకు పంచితే గంటకు దాదాపు 680 రూపాయలు. డీజిల్, డ్రైవర్, రిపేర్లు ఇంకా అందులో లేవు. అయిదు లక్షల బండికి ఇదే లెక్క వేస్తే ఏడాదికి 72,500. తేడా 29,000 రూపాయలు. ఏటా ఇంటికి మిగలాల్సిన ఆ సొమ్మును పని లేని హెచ్‌పీ కోసం చెల్లిస్తున్నాం.

దీనికి మొదటి అభ్యంతరం, నల్లరేగడిలో చిన్న బండి ఆగిపోతుందన్నది. నిజమే. ఎండి బిగిసిన రేగడిని లోతుగా దున్నడం 25 హెచ్‌పీ పని కాదు. కానీ ఆ పని ఏడాదికి ఎన్నిసార్లు? ఒక్కసారి, కొన్ని చోట్ల రెండు మూడేళ్లకోసారి. ఇందాకటి 29,000 తేడాతో గంటకు 1,200 చొప్పున పెద్ద ట్రాక్టర్ బాడుగకు తెచ్చుకున్నా 24 గంటలు దున్నించుకోవచ్చు. తరచుగా వచ్చే తేలిక పనులకు సొంత బండి, అరుదుగా వచ్చే బరువు పనులకు బాడుగ బండి. చిన్న రైతుకు ఇదే సరైన పంపకం.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. బాడుగ బండి అదునుకు దొరకదు. తొలకరి పడిన వారంలో ఊళ్లో ప్రతి ట్రాక్టరూ ఎవరో ఒకరి పొలంలో ఉంటుంది. ఆ బాధ నిజమైనది, దాన్ని తీసిపారేయకూడదు. అయితే ఏ పనికి అదును బిగువో, ఏ పనికి వదులో విడదీసి చూడాలి. తామర పురుగు, నల్లి కనిపించాక మందు రెండు రోజుల్లో కొట్టాలి, వాన వెలిశాక కలుపు మొలక మీదే తీయాలి. ఇవన్నీ చిన్న బండి పనులు, అవి సొంత చేతిలో ఉంటాయి. వేసవి లోతు దుక్కికి ఏప్రిల్, మే నెలల్లో ఎన్నో రోజులు దొరుకుతాయి. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద అద్దె యంత్ర కేంద్రాలకు సబ్సిడీ ఇస్తున్నారు. నలుగురైదుగురు రైతులు కలిస్తే పెద్ద పనిముట్ల కొరత తీర్చుకునే దారి ఉంది.

పెద్ద బండి కొంటే బాడుగలతో కిస్తీ కట్టుకోవచ్చన్న మాటా తరచుగా వినిపిస్తుంది. కట్టుకోవచ్చు, అది వేరే వ్యాపారమని తెలిసి దిగితే. ఏడాదికి 500 గంటలు తిరిగితే మన లెక్కలో గంట ఖర్చు 680 నుంచి 200కు పడిపోతుంది. కానీ ఆ 350 గంటల బాడుగ దొరకాలి, డ్రైవర్ ఉండాలి, ఊళ్లో అప్పటికే ఎన్ని బండ్లు ఉన్నాయో చూసుకోవాలి. ట్రాలీ లోడు విషయంలో మాత్రం పెద్ద బండి వాదనకు ఎదురు లేదు. టన్ను లోపు బండి వెనక అయిదు టన్నుల కాయ కడితే దిగుడు రోడ్డు మీద బ్రేకు ఆపలేదు, వెనక బరువే ముందు బండిని తోసేస్తుంది. చిన్న ట్రాక్టర్ కొన్నవారు కాయను మార్కెట్‌కు గూడ్స్ బండిలోనే పంపాలి. పొదుపు ప్రాణం మీదకు రాకూడదు.

చిన్నదే ఎప్పుడూ మంచిదని నా మాట కాదు. 9 మీటర్ల ఎడంలో పెట్టే ఆయిల్‌పామ్ తోటలో, పక్కనే పదెకరాల వరికి దమ్ము చేయాల్సిన చోట, నల్లరేగడి పత్తి చేలే ఎక్కువున్న చోట 40 నుంచి 50 హెచ్‌పీ బండి సరైన ఎంపికే. అక్కడ కూడా 50 గీత దాటేముందు ఆలోచించాలి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు కాలుష్య నిబంధనలు కఠినమయ్యాయి. ఇంజన్ మారింది, దాంతో ధర పెరిగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపును ఇంకో అయిదు హెచ్‌పీ కొనడానికి వాడొద్దు. తోటకు సరిపడే రోటవేటరో, మంచి స్ప్రేయరో కొనడానికి మిగుల్చుకుంటే మేలు.

షోరూంకు వెళ్లే ముందు కొలిచే టేపు పట్టుకుని తోటలోకి వెళ్లండి. కాయతో వంగిన రెండు కొమ్మల మధ్య ఇరుకైన చోటు కొలిచి, రెండు వైపులా జానెడు వదిలేయండి. మిగిలినదే మీ బండి వెడల్పు. ఆ బండికి మీరు వాడబోయే పనిముట్టే తగిలించి, ట్యాంకు నిండా నీళ్లు పోసి, మీ తోటలోనే నడిపి చూపించమని డీలర్‌ను అడగండి. సాలు చివర అది ఒక్క తిప్పులో తిరిగితే, ముందు చక్రాలు నేల వదలకపోతే, దాటిన దారిలో పిందె రాలకపోతే అప్పుడు బానెట్ మీది హెచ్‌పీ చూడండి. ఎంతున్నా మీకు అది చాలు.