వెండి మీద రాజు తలకాయ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు తాతల నాటి పెట్టెల్లో వెండి రూపాయి దొరికితే అది నిజాం హాలీ సిక్కా కావచ్చు. ఆ సిక్కాల్లో చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి మీద రాజు తల ఉండదు. నడిమి కమాను కింద ఒక్క అక్షరం ఉంటుంది: ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్‌ది, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్‌ది. అదే కాలపు ఇంగ్లీషువాళ్ల రూపాయి మీద మాత్రం చక్రవర్తి తలకాయే. ఈ అలవాటు పాతది, గ్రీకులు పెంచింది.

మొదట్లో వాళ్లూ దేవుళ్లనే ముద్రించారు. ఏథెన్స్ నాణెం మీద ఒకవైపు ఎథీనా, రెండోవైపు ఆమె గుడ్లగూబ. అలెగ్జాండర్ వేయించిన 17 గ్రాముల పెద్ద వెండి నాణెం మీద సింహం తోలు నెత్తిన కప్పుకున్న హెరాక్లిస్, వెనక చేతిమీద గద్దతో కూర్చున్న జ్యూస్. అలెగ్జాండర్ పోయాక సేనానులు అతన్నే దేవుణ్ని చేశారు. టాలమీ అతని తలకు ఏనుగు తోలు తొడిగితే, లైసిమాకస్ పొట్టేలు కొమ్ము పెట్టాడు. ఆ తర్వాత టాలమీ తన ముఖమే వేయించుకున్నాడు. చనిపోయిన రాజుకు దొరికిన చోటు బతికున్న రాజు ఆక్రమించాడన్నమాట.

వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్, అదే మన మిలిందుడు, తన తల ఉన్న వెండి మీద ఒకవైపు గ్రీకు, రెండోవైపు ప్రాకృతం రాయించాడు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో కూడా ఆ పాత నాణేలు పడమటి తీరంలోని భరుకచ్ఛం రేవులో చెల్లుతుండేవని ఒక గ్రీకు నావికుడి గ్రంథం చెబుతుంది. ఆ వైపు ఏలిన పశ్చిమ క్షత్రపుడు నహపానుడు ఆ తీరులోనే తన తల ముద్రించాడు. చుట్టూ ఉన్న గ్రీకు అక్షరాలు మాత్రం వంకరపోయాయి. చెక్కినవాడికి ఆ లిపి సరిగా వచ్చినట్టు లేదు.

అతన్ని గెలిచిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఆ వెండిని కరిగించలేదు. ఆ నాణేల మీదే ఒకవైపు తన కొండ గుర్తునూ, రెండోవైపు ఉజ్జయిని గుర్తునూ కొట్టించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో బయటపడ్డ 13 వేల పైచిలుకు నాణేల్లో 9 వేలకు పైగా ఇలాంటివే. కొన్నింటిపై కొత్త ముద్ర కింద పాత రాజు పోలికలు ఇంకా తెలుస్తాయి. తర్వాత శాతవాహనులు సొంత ముఖాలతోనే వెండి వేయించారు. ముఖం చుట్టూ ప్రాకృతం, వెనక దక్షిణాది భాష. అది తెలుగుకు దగ్గరా, తమిళానికి దగ్గరా అన్న వాదం తెగలేదు.

మన తెలంగాణలోని కొండాపూర్, కోటిలింగాల, పెద్దబంకూర్‌లలో దొరికిన శాతవాహన నాణేలు మాత్రం ఎక్కువగా సీసం, రాగి, మిశ్రమ లోహాలవి. వాటి మీద ఏనుగు, సింహం, కొండ. రాజు ముఖం దాదాపు వెండికే పరిమితం. నా లెక్కలో అది పడమటి రేవుల వర్తకుల కోసం వేసిన ముఖం. ఇక్కడి సంతకు ఏనుగు బొమ్మే చాలింది.