సైనిక వాహనానికి రెండవ జీవితం

కువైట్ నగరానికి దక్షిణాన, సముద్రతీరాన్ని ఆనుకొని ముబారక్ అల్ కబీర్ గవర్నరేటు ఉన్నది. అందులోని అల్ ఖురైన్ అనే నివాస ప్రాంతంలో ఒక ఇంటిని శిథిలరూపంలోనే జాగ్రత్తగా కాపాడుతున్నారు. 1991 ఫిబ్రవరి 24న కువైట్ ప్రతిఘటన దళానికి చెందిన 19 మంది ఆ ఇంటి నుండి ఇరాకీ సైన్యాన్ని ఎదుర్కొన్నారు. పోరు గంటల తరబడి సాగింది. ట్యాంకులు ఇంటిపై గుండ్లు కురిపించాయి. ఆ దళంలో 12 మంది అమరులయ్యారు. రెండు రోజుల అనంతరం, ఫిబ్రవరి 26న, కువైట్ విముక్తి పొందింది. ఆ ఇల్లు తరువాత అమరుల స్మారక మ్యూజియం అయింది. కూలిన గోడలను తిరిగి కట్టలేదు, తూట్లను పూడ్చలేదు. ఇంటి వెలుపల ఒక ఇరాకీ ట్యాంకును కూడా నిలిపి ఉంచారు.

పాత సైనిక వాహనాలను సేకరించి, బాగుచేసి, నడిపి ఆనందించే అభిరుచి ప్రపంచంలో పలు దేశాలలో ఉన్నది. అమెరికాలో ఇటువంటి అభిరుచి గలవారి సంఘం ఒకటి 1976లోనే ఏర్పడింది. ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో ఏటా జూన్ 6వ తేదీ సమీపించగానే పాత జీపులు బారులు తీరుతాయి. అక్కడ జీపు కొత్తదానివలె మెరుస్తుంది. అల్ ఖురైన్‌లో ట్యాంకు కదలక నిలిచి ఉంటుంది. రెండింటి వెనుక ఉన్నదీ శ్రద్ధయే, రెండింటికీ శత్రువు తుప్పే. అయితే వైద్యం వేరు. ఏ వాహనానికి ఏ వైద్యం తగినదో నిర్ణయించడమే ఈ అభిరుచిలో మొదటి మెట్టు.

జీపు కథ

ఈ అభిరుచిలోకి కొత్తగా అడుగిడేవారికి అత్యంత అనువైన వాహనం జీపు. 1940లో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలూ లాగే వాహనం కావాలని 135 సంస్థలను కోరింది. బాంటమ్ అనే చిన్న సంస్థ 49 రోజుల గడువులో తొలి నమూనాను తయారుచేసి, సెప్టెంబరు 23న సైన్యానికి అప్పగించింది. అనంతరం విల్లీస్ సంస్థ రూపకల్పన ఎంపికైంది. అదే నమూనాను ఫోర్డు సంస్థ కూడా నిర్మించింది. యుద్ధం ముగిసేనాటికి రెండు సంస్థలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను, 60 అశ్వశక్తి, మూడు గేర్లు: ఇంతే దాని సంపత్తి.

ఈ సంఖ్యలో ఒక విశేషం ఇమిడి ఉన్నది. రెండు సంస్థలు చేసిన భాగాలు ఒకదానికొకటి సరిపోవాలని సైన్యం పట్టుబట్టింది. యుద్ధభూమిలో రెండు పాడైన జీపుల నుండి ఒక మంచి జీపును కూర్చుకోవాలన్నది దాని ఆశయం. ఎనభై ఏళ్లు దాటినా ఈ జీపులు నడుస్తున్నాయంటే ఆ నియమమే ముఖ్య కారణం.

భారతదేశంలో 1945లో లూధియానాలో ఆరంభమై, తదుపరి మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకొన్న సంస్థ 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి కూర్చడం ప్రారంభించింది. ఆ వంశానికి చెందిన జీపులే దశాబ్దాల పాటు తెలుగునాట సమితి కార్యాలయాల ముందు నిలిచాయి. ఎన్నికలలో మైకులు మోశాయి. బస్సు వెళ్లని రాయలసీమ పల్లెలకు జనాన్ని చేర్చాయి. కువైట్‌లోని తెలుగువారిలో కడప, గోదావరి జిల్లాల నుండి వచ్చినవారు అధికం. వారిలో పెద్దవారికి జీపు ఇంజను చప్పుడు పరిచయమే. భారత సైన్యం విడిచిన వాహనాలలో జబల్పూరులో తయారైన జోంగాకు కూడా అభిమానులు కలరు.

తుప్పు ఎట్లు పుట్టును?

ఇనుముకు ప్రాణవాయువు, నీరు రెండూ తగిలినప్పుడే తుప్పు పట్టుతుంది. ఉక్కు రేకుపై ఒక సన్నని నీటిపొర ఏర్పడగానే అది ఒక చిన్న విద్యుత్ ఘటమవుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి నీటిలో కరుగుతుంది. మరొకచోట ప్రాణవాయువు ఆ ఎలక్ట్రాన్లను గ్రహిస్తుంది. కరిగిన ఇనుము చివరకు ఎర్రని ఆక్సైడుగా మారుతుంది. తుప్పు అసలు ఇనుము కంటె అనేక రెట్లు అధిక స్థలాన్ని ఆక్రమిస్తుంది. అందుచేతనే అది రంగు క్రింద ఉబికి, పొరను పెకలించి, క్రొత్త ఇనుమును గాలికి బయలుపరుస్తుంది.

ఎడారిలో వాన తక్కువ కనుక తుప్పు ఉండదని కొందరి భావన. దేశం నడిబొడ్డున ఉన్న ఎడారి విషయంలో ఇది కొంతవరకు నిజమే. ముబారక్ అల్ కబీర్ వంటి తీరప్రాంతం సంగతి వేరు. సముద్రపు గాలిలోని ఉప్పు రేకుపై పేరుకొంటుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొంటుంది, ఏర్పడిన నీటిపొరలో విద్యుత్తు సులభంగా ప్రవహించేటట్లు చేస్తుంది. వేసవి చివరి నెలల్లో ఆగ్నేయపు గాలి తేమను మోసుకొని వస్తుంది. వాన చినుకు పడకపోయినా రాత్రివేళ ఉక్కు తడిసినట్లే. విశాఖపట్నం తీరవాసులకు ఈ బాధ కొత్త కాదు.

విప్పుట, శుభ్రపరచుట, కూర్చుట

పునరుద్ధరణకు తొలి పనిముట్టు స్పానరు కాదు, కెమేరా. విప్పకముందు ప్రతి భాగాన్నీ ఫోటో తీయాలి. విప్పిన ప్రతి నట్టునూ, బోల్టునూ గుర్తు వ్రాసిన సంచిలో వేయాలి. ఏళ్ల పాటు సాగే పనిలో జ్ఞాపకశక్తిని నమ్ముకొనరాదు.

చాలాకాలం నిలిచిపోయిన ఇంజనును వెంటనే స్టార్టరుతో తిప్పే ప్రయత్నం చేయరాదు. సిలిండరు గోడకు పిస్టను రింగులు తుప్పుతో అతుక్కొని ఉండవచ్చు. స్పార్కు ప్లగ్గులు తీసి, పలుచని నూనె పోసి, కొన్ని రోజులు ఊరనిచ్చి, జీపు ముందుభాగంలోని హ్యాండిలుతో మెల్లగా అటూ ఇటూ కదల్చాలి. బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. ఓపిక పడితే చాలాసార్లు ఇంజను తానే లొంగుతుంది.

చిన్న భాగాల తుప్పును విద్యుత్తుతో తొలగించవచ్చు. బట్టల సోడా కలిపిన నీటిలో తుప్పుపట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు ఋణధ్రువానికి, ఒక పాత ఇనుప పలకను ధనధ్రువానికి కలుపుతారు. తుప్పు వదులై రాలుతుంది. మంచి ఇనుము అరగదు. ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయటనే, నిప్పుకు దూరంగా చేయాలి. ధనధ్రువం వద్ద స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. దాని నుండి విషపూరితమైన క్రోమియం లవణాలు నీటిలో కలుస్తాయి.

శుభ్రపడిన ఉక్కుపై జింకు గల ప్రైమరు పూయడం మేలు. జింకు ఇనుము కంటె సులభంగా ఎలక్ట్రాన్లను వదులుతుంది. రంగుపై గీత పడినప్పుడు ముందుగా జింకు కరిగి, ఇనుమును కాపాడుతుంది. దానిపై వేసే సైనిక వాహనపు ఆకుపచ్చ రంగు మెరవకూడదు. మెరుపు శత్రువుకు దూరం నుండే కనపడుతుంది. కొత్తగా చేపట్టినవారు అందం కోసం నిగనిగలాడే రంగు వేసి, వాహనపు స్వరూపాన్నే మార్చివేయడం కద్దు.

ఎడారి పెట్టే పరీక్ష

వేడిలో ఇంజను ఎందుకు ఉడికిపోతుందో ఒక చిన్న లెక్క చెప్పగలదు. రేడియేటరు గాలికి ఇచ్చే వేడి ఆ రెండింటి ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. రేడియేటరు నీరు 90 డిగ్రీలు, గాలి 20 డిగ్రీలు అనుకొంటే తేడా 70. గాలి 50 డిగ్రీలకు చేరితే తేడా 40 మాత్రమే. అనగా అదే రేడియేటరు సుమారు సగం పనే చేయగలదు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. అట్టి దేశంలో గొట్టాలలో సున్నం పేరుకొన్న పాత రేడియేటరును శుభ్రపరచక బయలుదేరడం సాహసమే. అదే వేడిలో పంపుకూ కార్బ్యురేటరుకూ నడుమ పెట్రోలు ఆవిరై, ఇంజను ఆగిపోతుంది. ఇంధనపు గొట్టాన్ని పొగగొట్టానికి దూరంగా త్రిప్పడం దీనికి నివారణ.

ఇసుక ధూళి మరొక శత్రువు. సిలిండరులోకి చేరిన ఇసుక రేణువు ఆకురాయి వలె గోడలను అరగదీస్తుంది. పాత జీపులో గాలి ముందుగా ఒక నూనె గిన్నె మీదుగా మలుపు తిరిగి పోతుంది. గాలి మలుపు తిరిగినా బరువైన రేణువులు తిరగలేక నూనెలో చిక్కుకొంటాయి. ధూళి తుపాను తరువాత ఆ నూనెను మార్చకపోతే ఏర్పాటంతా వ్యర్థం.

నాలుగు చక్రాల చోదకానికీ ఒక నియమం కలదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటె ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇసుకలో చక్రాలు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకొంటాయి. తారురోడ్డుపై జారలేక, ఆ ఒత్తిడి అంతా ఇరుసులపై, గేర్లపై పడుతుంది. కనుక ఇసుకలో నాలుగు, రోడ్డుపై రెండు అన్నది పాత జీపుకు ప్రాణసూత్రం.

కుటుంబాలు తెలుసుకొనవలసినవి

పిల్లలున్న ఇంట ఈ అభిరుచి చేపట్టేవారు కొన్ని ప్రమాదాలను ముందే గుర్తెరుగాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చు. దానిని పొడిగా గీకితే లేచే ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాస్ ఉంటుంది. గాలి గొట్టంతో ఊదక, తడిగుడ్డతో తుడవాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలపు కొన్ని సైనిక పరికరాల ముఖఫలకాలపై చీకటిలో వెలిగే రేడియం పూత ఉండేది. వాటిని విప్పరాదు, గీకరాదు. యుద్ధకాలపు జీపు చక్రం రెండు అర్ధభాగాలను బోల్టులతో బిగించినది. టైరులో గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు వదులుచేస్తే చక్రం బాంబు వలె విచ్చుకొని ప్రాణం తీయగలదు.

కువైట్‌కు సంబంధించి మరొక హెచ్చరిక అవసరం. 1991 యుద్ధంలో అమెరికా, బ్రిటన్ దళాలు ట్యాంకులను ఛేదించుటకు డిప్లీటెడ్ యురేనియం గుండ్లను వాడాయి. ఈ గుండు ఉక్కును చీల్చుకొని పోతూ మండి, వాహనం లోపల సన్నని ఆక్సైడు ధూళిని వదులుతుంది. వెలుపల నుండి అది వెదజల్లే కిరణాలు స్వల్పమే. ఆ ధూళిని పీల్చితే మాత్రం ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు చేటు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కువైట్‌లోని పలు ప్రాంతాలను పరిశీలించి, 2003లో నివేదిక ప్రచురించింది. ఈ అవశేషాల వల్ల సామాన్య ప్రజలకు వికిరణ ప్రమాదం లేదని తేల్చింది. అయినను దెబ్బతిన్న వాహనంలోకి దూరడం వేరు, వీధిలో నడవడం వేరు. పేలని మందుగుండు భయం కూడా ఉన్నది. శీతాకాలపు విడిదికి ఎడారికి వెళ్లిన కుటుంబాలు అక్కడ దొరికిన ఏ లోహపు ముక్కనూ ముట్టరాదు. జ్ఞాపికగా ఇంటికి తేరాదు. ఈ అభిరుచికి తగినవి సైన్యం నిరాయుధం చేసి, చట్టబద్ధంగా విక్రయించిన వాహనాలు మాత్రమే.

మెరిపించరాని ఉక్కు

జీపుకు ఇంత శ్రమపడి కొత్త రంగు వేసేవారు అల్ ఖురైన్ ట్యాంకుకు మాత్రం ఎందుకు వేయరాదంటారు? జీపు విలువ దాని నడకలో ఉన్నది. అరిగిన బేరింగును మార్చినా అది జీపే. ఒకే నమూనాలో లక్షలాదిగా పుట్టినది కనుక ఒక భాగం పోతే మరొకటి దొరుకుతుంది. అల్ ఖురైన్‌లోని ఇల్లు, దాని ముందరి ట్యాంకు అట్టివి కావు. అవి ఒక దినానికి సాక్షులు. గోడలోని తూటును పూడ్చితే సాక్ష్యమే చెరిగిపోతుంది. అక్కడ చేయదగిన పని ఉప్పును మంచినీటితో కడగడం, నీరు నిలిచే చోట్లను సరిచేయడం, పారదర్శకమైన పూతతో తుప్పు వేగాన్ని తగ్గించడం. గాయం పెరగకుండా చూడాలి, మాయం చేయరాదు.

ఈ రెండు మార్గాల నడుమ మరొకటి విశాఖపట్నంలో కానవస్తుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామి 2002 నుండి రామకృష్ణా బీచిలో మ్యూజియంగా ఉన్నది. అది ఇక సముద్రంలోకి వెళ్లదు. ఉప్పుగాలి నుండి వెలుపలి ఉక్కును రంగు కాపాడుతుంది. లోపల మాత్రం నావికుల ఇరుకు పడకలు, యంత్రాలు, టార్పీడో గొట్టాలు చూపరులకు ఆనాటి జీవితాన్ని తెలియజేస్తాయి. సెలవులకు స్వదేశం వెళ్లే పిల్లలకు ఇది చక్కని పాఠశాల.

పాత వాహనాన్ని చేపట్టదలచినవారు ముందుగా ఒక నోటుపుస్తకం తెరిచి మూడు ప్రశ్నలకు సమాధానం వ్రాసుకొనడం ఉచితం. ఈ వాహనం ఎక్కడ, ఎవరి సేవలో ఉండినది? దీనిపై ఉన్న ఏ గుర్తు మరెక్కడా దొరకదు? ఏ భాగం మార్చినా నష్టం లేదు? పాత రంగు క్రింద ఒక దళపు సంఖ్య బయటపడితే, దానిని గీకివేయకముందే ఫోటో తీసి కొలతలు వ్రాయాలి. తండ్రి విప్పిన బోల్టుకు కుమార్తె పేరు వ్రాసి సంచిలో వేసినప్పుడు ఆ బిడ్డ నేర్చుకొనేది రసాయనశాస్త్రం, యంత్రశాస్త్రం మాత్రమే కాదు. ఏది మార్చవచ్చునో, ఏది మార్చరాదో తెలిసికొనే వివేకం కూడా ఆ సంచులలోనే అలవడుతుంది.